గుమస్తా కుర్చీ మీ ఇంటికొచ్చింది

రాత్రి పదిన్నర. పిల్లలు పడుకున్నారు. మీరు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్‌కి అప్లై చేస్తున్నారు. మూడు పేజీలు నింపారు. నాలుగో పేజీలో ఫోటో అడిగింది. పెడితే సైజు ఎక్కువంది. తగ్గించి పెడితే మరీ తక్కువంది. ఎవరో చెప్పిన యాప్‌లో అటూ ఇటూ తిప్పి సరిచేసి తెచ్చేసరికి 'సెషన్ ఎక్స్‌పైర్డ్' అని తెల్ల పేజీ. మళ్లీ మొదటికొచ్చింది. ఆ క్షణంలో మీ నోటి వెంట ఏ మాట వస్తుందో నాకు తెలుసు. "దీని బదులు ఏజెంటు మొహాన రెండు వేలు కొట్టుంటే పోయేది!"

నిజంగా పోయేదా? దాని సంగతి మూడో సూచనలో చెబుతాను. ముందు మీ కోపం గురించి మాట్లాడదాం.

పాత రోజుల్లో కౌంటర్ వెనకాల ఒక గుమస్తా ఉండేవాడు. మీ అర్జీ అందుకుని, కళ్లజోడు పైనుంచి చూసి, "ఇక్కడ సంతకమేదీ? పుట్టినతేదీ కాగితమేదీ? ఇలా తెస్తే ఎలాగండీ?" అని విసుక్కునేవాడు. ఆ విసుగులోనే మీ తప్పు కూడా పట్టుకునేవాడు. కంప్యూటర్ విసుక్కోదు. పేరులో అక్షరం తప్పు కొట్టినా పచ్చ టిక్కు పెడుతుంది, డబ్బు తీసుకుంటుంది, ఇరవై రోజులయ్యాక 'రిజెక్టెడ్' అని మెసేజ్ పంపుతుంది. మరి ఆ గుమస్తా ఏమయ్యాడు? ఆయన కుర్చీ మీ ఇంటికొచ్చింది. అందులో ఇప్పుడు కూర్చున్నది మీరే. ఈ బదిలీ సంగతి మీకెవరూ చెప్పలేదు, అంతే.

ఇదంతా ఒక్కరోజులో జరిగింది కాదు. 1999 డిసెంబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 'ట్విన్స్' అని ఒకే ఒక్క కేంద్రం తెరిచారు. 2001 ఆగస్టులో అదే ఈ-సేవ అయింది. కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు, ఆస్తిపన్ను అన్నీ ఒకే కిటికీ దగ్గర కట్టేసి బయటికొచ్చినవాళ్లు అప్పట్లో ఆ ముచ్చట ఇంటికెళ్లి చెప్పుకున్నారు. నాలుగు ఆఫీసుల్లో నాలుగు క్యూలు నిలబడ్డవాళ్లకే ఆ సుఖం విలువ తెలుస్తుంది. 2011 నవంబరులో మీసేవ వచ్చింది. అక్కడిదాకా మీకూ కంప్యూటర్‌కూ నడుమ ఒక ఆపరేటర్ ఉన్నాడు. ఇప్పుడు ఆయన కూడా అక్కర్లేదంటున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరిలో 'మన మిత్ర' పేరుతో 161 సేవలు ఏకంగా వాట్సాప్‌లోకే దిగాయి.

ఈ సేవలు బాగున్నాయా అని అడిగితే ఒకాయన "అబ్బో, పదినిమిషాల్లో అయిపోయింది" అంటాడు. అదే సేవ గురించి ఆ పక్కింటాయన "నరకం చూపించారు" అంటాడు. వెబ్‌సైటు ఒకటే, ఆఫీసూ ఒకటే. తేడా ఎక్కడుంది? నేను చూసినంతలో, మొదటాయన గుమస్తా పని చేసి వచ్చాడు. రెండో ఆయన గుమస్తా ఇంకా అవతలే ఉన్నాడనుకున్నాడు. ఈ అధ్యాయంలో ఆ పనే నేర్చుకుందాం. ప్రతి ఇంట్లో ఒకటైనా ఉంటుంది కాబట్టి డ్రైవింగ్ లైసెన్సునే ఉదాహరణగా తీసుకుంటాను. చెయ్యి తిరిగాక షాపు ట్రేడ్ లైసెన్సుకైనా, ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మేవాళ్ల ఫుడ్ రిజిస్ట్రేషన్‌కైనా ఇదే పద్ధతి.

1. ముందు కాగితాలు, తర్వాతే కంప్యూటర్

వంట మొదలుపెట్టాక ఆవాల డబ్బా వెతుక్కుంటే తాలింపు మాడుతుంది. ఇదీ అంతే. ఫోన్‌లో ఒక ఫోల్డర్ చేయండి. అందులో ఆధార్, పుట్టినతేదీ రుజువు, అడ్రసు రుజువు, పాత లైసెన్సు రెండు వైపులా, తెల్ల కాగితం మీద నల్ల ఇంకుతో చేసిన సంతకం, తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో ఫోటో ఉండాలి. ఫోటో, సంతకం ఒక్కోటి రెండు సైజుల్లో దాచుకోండి. ఒకటి 20 కేబీలోపు, ఇంకొకటి 50 కేబీకి దగ్గర్లో. చాలా సైట్లకి ఈ రెండిట్లో ఒకటి సరిపోతుంది. వయసు 40 దాటితే డాక్టరు సంతకంతో ఫారం 1ఏ అడుగుతారు, అది కూడా ముందే తెచ్చుకోండి.

నెట్ సెంటర్లో స్కాన్ చేయించారా? లేచి వచ్చేముందు ఆ కంప్యూటర్ డెస్క్‌టాప్ ఒకసారి చూడండి. మీ కంటే ముందొచ్చిన పదిమంది ఆధార్ కార్డులు అక్కడ పేర్లతో సహా కనిపిస్తాయి. మీ తర్వాత వచ్చేవాళ్లకి మీది కనిపిస్తుంది. "బాబూ, నా ఫైళ్లు తీసేయమ్మా, రీసైకిల్ బిన్‌లోంచి కూడా" అని అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

2. మీ పేరు మీకు తెలుసా?

నవ్వకండి. తెలుగువాళ్ల దరఖాస్తులు ఎక్కువగా తన్నేది ఇక్కడే.

ఒకాయన ఉన్నాడనుకుందాం. పేరు కొండవీటి వెంకట సత్యనారాయణ. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, మొత్తం పూర్తిగా. ఆధార్‌లో 'సత్య' వేరు, 'నారాయణ' వేరు, మధ్యలో ఖాళీ. పాన్ కార్డులో ఇంటిపేరు చివరికి పోయింది. పాత లైసెన్సు మీద కె.వి. సత్యనారాయణ. రేషన్ కార్డులో ఎవరో ఉదారంగా 'సత్తినారాయణ' అని రాసిపెట్టారు. ఊళ్లో ఆయన్ని పిలిచేది మాత్రం 'సత్తిబాబు' అని. మనిషి ఒక్కడే. కంప్యూటర్ లెక్కలో ఐదుగురు.

మనిషి గుమస్తా అయితే నవ్వి, "మీరేగా" అని రాసుకునేవాడు. కంప్యూటర్‌కి ఖాళీ కూడా ఒక అక్షరమే. ఇంక 'లక్ష్మి' సంగతి చెప్పక్కర్లేదు. ఇంగ్లిషులో చివర ఐ పెట్టారా, వై పెట్టారా? నడుమ కె, ఎస్, హెచ్ వేశారా, ఎక్స్ ఒక్కటి వేసి సరిపెట్టారా? ఆ పిల్లని బళ్లో చేర్చిన రోజున మాస్టారు ఏది రాస్తే అదే జన్మంతా వెంట వస్తుంది.

ఏం చేయాలి? ఒక సాయంత్రం మీ కార్డులన్నీ టేబుల్ మీద పరవండి. తెల్ల కాగితం మీద ఒక్కో కార్డులో పేరు ఎలా ఉందో ఇంగ్లిషు అక్షరాలతో ఒకదాని కింద ఒకటి రాయండి. ఖాళీలు, చుక్కలతో సహా. పుట్టినతేదీ, తండ్రి పేరు కూడా. పది నిమిషాల పని. తేడాలు వాటంతటవే కనిపిస్తాయి.

ఇప్పుడు ఏది సరైనదని పట్టుకోవాలి? చదువుకున్నవాళ్లు పదో తరగతి మెమోని పట్టుకోవడం మేలు. దాన్ని మార్చడం అన్నిటికంటే కష్టం కాబట్టి, మిగతావాటినే దాని దారికి తేవాలి. ఆధార్ మీద ఓటీపీతో నడిచే సేవల్లో పేరు ఆధార్ నుంచే వచ్చి ఫారంలో కూర్చుంటుంది, దాన్ని మీరు కదపలేరు. అందుకే ఆధార్ ముందు సరిచేయించాలి, లైసెన్సు తర్వాత. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టినతేదీ ఒక్కసారే. కాబట్టి ఆ రెండు అవకాశాలూ తొందరపడి ఖర్చు పెట్టకండి. అక్కడి ఆపరేటర్ టైపు చేసింది స్క్రీన్ మీద మీరే అక్షరం అక్షరం చదివాకే సరేననండి. వెనక లైను ఉంటే ఉండనివ్వండి.

పెళ్లయిన ఆడవాళ్లకి ఇంకో చిక్కుంది. మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటిది. కొన్ని చోట్ల 'తండ్రి పేరు' అన్న గడిలో భర్త పేరు. ఇంటిపేరు మార్చుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. మార్చుకోకపోతే లైసెన్సు పనుల్లో తలనొప్పి తక్కువని మాత్రం నేను మొహమాటం లేకుండా చెబుతాను. మార్చుకుని ఉంటే పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఆ ఫోల్డర్లో తప్పకుండా ఉండాలి.

3. ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తోంది?

మా బావమరిది లైసెన్సు కథ చెబుతాను. మొదటిసారి ఏజెంటుతో చేయించాడు. ఆఫీసు గేటు ఎదురుగా చిన్న షట్టరు, బయట గొడుగు, గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీ. "ఫోటో ఇచ్చి, చెప్పిన రోజు వచ్చి బండి తిప్పి వెళ్లండి సార్, మిగతాది నాకొదిలేయండి" అన్నాడు. మావాడు అంతా వదిలేశాడు. కార్డు ఇంటికొచ్చింది. అందరం భలే అనుకున్నాం.

పదేళ్ల తర్వాత రెన్యువల్‌కి కూర్చున్నాడు. నంబరు కొట్టాడు, పుట్టినతేదీ కొట్టాడు. 'మీ రిజిస్టర్డ్ మొబైల్‌కి ఓటీపీ పంపాం' అంది. ఫోన్ చేతిలో పట్టుకుని చూస్తున్నాడు. రాదు. మళ్లీ పంపాడు. రాదు. స్క్రీన్ మీద కనిపించిన చివరి రెండంకెలు చూస్తే అది తన నంబరు కాదు. వాళ్లావిడది కాదు. ఇంట్లో ఎవరిదీ కాదు. అప్పుడు వెలిగింది, అది ఏజెంటు నంబరని. బండేసుకుని వెళ్లాడు. ఆ షట్టరులో ఇప్పుడు కర్రీ పాయింటు నడుస్తోంది. ఆ ఏజెంటు ఎక్కడికి పోయాడో వాళ్లకీ తెలీదు. మావాడు పావుకిలో గుత్తివంకాయ కూర కట్టించుకుని ఇంటికొచ్చాడు. ఆ నంబరు మార్పించడానికి విడిగా మళ్లీ ఒక తిరుగుడు.

ఏజెంటు దగ్గరికి వెళ్లడం పాపమని నేననను. కళ్లు కనిపించని పెద్దవాళ్లు, చదువు రానివాళ్లు, పగలంతా పనిలో ఉండేవాళ్లు ఎవరో ఒకరి సాయం తీసుకోవాల్సిందే. మీసేవలోనో నెట్ సెంటర్లోనో టైపింగుకి డబ్బిచ్చి చేయించుకోవడంలో తప్పేముంది? ఎవరు టైపు చేసినా మూడు విషయాలు మాత్రం వాళ్లకి వదలకండి. మొబైల్ నంబరు మీది, ఈమెయిల్ మీది, పాస్‌వర్డ్ మీది. ఫారం సబ్మిట్ కొట్టేముందు "నంబరు ఒకసారి చదవండి" అని అడగండి. ఓటీపీ మీ ఫోనులో మోగాలి. మోగకపోతే లేవకండి.

4. అడ్రసు చివర చూడండి

గూగుల్‌లో 'డ్రైవింగ్ లైసెన్స్ అప్లై' అని కొడితే పైన వచ్చే మొదటి రెండు మూడు ప్రకటనలు కావచ్చు. అచ్చం ప్రభుత్వ సైటులాగే అశోక చిహ్నం, మూడు రంగుల గీత ఉంటాయి. మీ వివరాలన్నీ తీసుకుని, సర్వీసు చార్జీ పేరుతో డబ్బు లాగి, అసలు సైటులో వాళ్లు మీ తరఫున అప్లై చేస్తే చేస్తారు, లేకపోతే లేదు. చిహ్నం చూసి నమ్మకండి. అడ్రసు చివర డాట్ జీవోవీ డాట్ ఇన్ ఉందా, డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్ ఉందా చూడండి. కేంద్ర రవాణా శాఖ సేవలుండేది పరివాహన్ డాట్ జీవోవీ డాట్ ఇన్‌లో. లైసెన్సు పనులు అందులో 'సారథి', బండి కాగితాల పనులు 'వాహన్'.

వాట్సాప్‌లో "మీ బండికి చలానా పడింది, ఈ ఫైలు తెరవండి" అని ఏపీకే ఫైలు వస్తే తెరవకుండా తీసేయండి. ఏ ఆర్టీఏ ఆఫీసూ మీకు యాప్ ఫైలు వాట్సాప్‌లో పంపదు.

5. క్యాలెండర్ తీయండి

తేదీల దగ్గర పోగొట్టుకునేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. ఎవరి తప్పూ ఉండదు, లెక్క వేసుకోకపోవడమే.

ఎల్‌ఎల్‌ఆర్, అంటే బండి నేర్చుకునేవాళ్లకిచ్చే లెర్నర్ లైసెన్సు, ఆరు నెలలు చెల్లుతుంది. అది వచ్చిన 30 రోజుల తర్వాతే పర్మనెంట్ లైసెన్సు టెస్టుకి వెళ్లాలి. జూన్ 10న ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిందనుకోండి. జూలై 10 దాకా నేర్చుకోవడమే పని. డిసెంబరు రెండో వారం వచ్చేసరికి కథ కంచికి. మధ్యలో ఐదు నెలలున్నాయి కదా అని దసరా వెళ్లనిచ్చి, దీపావళి వెళ్లనిచ్చి, డిసెంబరు ఒకటిన స్లాటు కోసం కూర్చుంటారు. స్లాట్లు నిండిపోయాయని చూపిస్తుంది. ఎవర్ని తిడతారు? జూలై నెలలోనే స్లాటు బుక్ చేసుకుంటే ఒకసారి ఫెయిలైనా ఇంకోసారి వెళ్లడానికి చోటుంటుంది. మూడుసార్లు ఫెయిలైతే చివరి టెస్టు తర్వాత 60 రోజులు ఆగాలన్న నిబంధన ఉంది. దాన్నీ లెక్కలో వేసుకోండి.

ఇక లైసెన్సు గడువు. సొంత బండి లైసెన్సు తీసుకునేనాటికి మీ వయసు 30 లోపు అయితే 40 ఏళ్లు నిండేదాకా చెల్లుతుంది. 30 నుంచి 50 లోపు అయితే పదేళ్లు. 50 నుంచి 55 లోపు అయితే అరవై నిండేదాకా. 55 దాటాక ఐదేళ్లకోసారి. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక ఈ లెక్కలొచ్చాయి. అంతకుముందు తీసుకున్న కార్డు అయితే దాని మీద అచ్చయిన తేదీయే ప్రమాణం.

చాలామంది పొరపాటు పడే చోటు ఇంకొకటుంది. గడువు తీరాక కూడా ముప్పై రోజులు నడపొచ్చని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ వెసులుబాటు 2019 సవరణతో పోయింది. గడువు తీరడానికి ఏడాది ముందు నుంచే రెన్యువల్ చేసుకోవచ్చు. తీరాక ఏడాదిలోపు చేసుకుంటే టెస్టు లేకుండా అవుతుంది, కానీ ఆ మధ్యకాలంలో బండి నడపడానికి లైసెన్సు లేనట్టే. ఏడాది దాటిందా, మళ్లీ ట్రాక్ మీద బండి తిప్పి చూపించాలి.

6. డబ్బు పోయింది, రసీదు రాలేదు

బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది, డబ్బు కట్ అయింది. సైటు మాత్రం 'ఫెయిల్డ్' అంటోంది. కంగారులో మళ్లీ కడతారు. రెండోసారీ కట్ అవుతుంది. చేతులు ముడుచుకోండి! లైసెన్సుకయితే సారథిలోనే ఫీజుల విభాగంలో పేమెంట్ స్టేటస్ సరిచూసుకునే చోటుంది. అప్లికేషన్ నంబరు కొడితే చాలాసార్లు అక్కడే రసీదు దొరుకుతుంది. దొరక్కపోతే ఒకరోజు ఆగి మళ్లీ చూడండి. బ్యాంకు రిఫరెన్స్ నంబరు, తేదీ, మొత్తం స్క్రీన్‌షాట్ తీసి ఆ ఫోల్డర్లోనే పడేయండి.

7. ఆఫీసుకి వెళ్లక తప్పని రోజు

2021 మార్చిలో కేంద్రం 18 రవాణా సేవల్ని ఆధార్ ధ్రువీకరణతో ఆఫీసు గడప తొక్కకుండా చేసుకోవచ్చంది. 2022 సెప్టెంబరులో ఆ జాబితా 58కి పెరిగింది. వాటిలో ఎన్ని అమల్లో ఉన్నాయన్నది మీ రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కొన్ని సేవల్లో ఆన్‌లైన్ అంటే ఆన్‌లైన్‌లో నింపి, ప్రింటు తీసి, దాని మీద సంతకం చేసి, జిరాక్సులు కలిపి కౌంటర్లో ఇవ్వడమే. దీన్ని కంప్యూటరీకరణ అనడానికి నాకు మనసొప్పదు. టైపు మిషను బదులు మీ వేళ్లు వాడుకున్నారంతే. అయినా వెళ్లక తప్పదు కాబట్టి వెళ్దాం.

ఎల్‌ఎల్‌ఆర్ టెస్టు కంప్యూటర్ మీద ఉంటుంది. మన దగ్గర 20 ప్రశ్నలకి 12 సరైనవైతే పాస్. తెలుగులో రాయొచ్చు, మొహమాటపడి ఇంగ్లిషు ఎంచుకోకండి. రోడ్డు గుర్తులు ఒక్క సాయంత్రం చూసుకుంటే చాలు. కారు నడపడం వచ్చినవాళ్లే 'ఆ, ఇదేముందిలే' అని వెళ్లి ఫెయిలవుతారు, ఎందుకంటే పార్కింగ్ గుర్తుకీ ఆగకూడదన్న గుర్తుకీ తేడా వాళ్లు ఎన్నడూ చూడలేదు. బండి టెస్టులో టూవీలర్ వాళ్లకి ఎనిమిది అంకె, కారు వాళ్లకి హెచ్ ట్రాక్ ఉంటాయి. కాలు కింద పెట్టారా, పోయిందన్నమాటే. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారిని చూసి కాళ్లు వణికేవాళ్లు ముందురోజే ఖాళీ స్థలంలో సుద్దముక్కతో ఎనిమిది గీసుకుని పదిసార్లు తిప్పండి.

కౌంటర్ దగ్గర ఎలా మాట్లాడాలో కూడా చూద్దాం. ఒకరు ఇలా అడుగుతారు:

"ఏంటండీ ఇది, నెలరోజులైంది! ఇంకెన్నాళ్లు తిప్పుతారు?"

"సర్వర్ పనిచేయట్లేదండీ. వచ్చే వారం రండి."

అంతే. సంభాషణ అయిపోయింది. ఇంకొకరు ఇలా అడుగుతారు:

"నమస్తే సార్. అప్లికేషన్ నంబరు ఇదిగోండి. తొమ్మిదో తేదీ నుంచి స్టేటస్ 'స్క్రూటినీ' దగ్గరే ఉంది. ఏ కాగితం దగ్గర ఆగిందో కొంచెం చూసి చెబుతారా?"

"ఏదీ... ఆఁ, అడ్రసు ప్రూఫ్ మసగ్గా ఉందండీ. మళ్లీ అప్‌లోడ్ చేయండి."

రెండో మనిషి గొంతులో మర్యాద ఉంది నిజమే, కానీ పని అయింది అందుకు కాదు. అతను నంబరు, తేదీ, దశ చెప్పాడు. అవతలివాడు మౌసు కదపక తప్పలేదు. 'సర్వర్ డౌన్' అన్న మాటకి విరుగుడు ఇలా చిన్న ప్రశ్న అడగడమే. నిజంగానే సర్వర్ డౌన్ అయితే? అవుతుంది కూడా. అప్పుడు స్క్రీన్ ఫోటో తీసుకుని, టైము రాసుకుని, స్లాటు ఇంకో రోజుకి ఎవరు మారుస్తారో, ఎప్పటిలోపో అడిగి రండి. ఊరికే తిరిగి రాకండి.

8. ఫిర్యాదు రాస్తే పని చేయాలి

"మీ ఆఫీసులో అందరూ లంచగొండులు, సామాన్యుడంటే లెక్కలేదు, చర్య తీసుకోవాలి." ఇలా రాస్తే కడుపులో మంట చల్లారుతుంది. ఫైలు కదలదు. ఎందుకంటే చదివేవాడికి దీని మీద ఏం చేయాలో తెలీదు. 'పరిశీలించాం' అని మూసేస్తాడు.

ఇలా రాసి చూడండి: "లైసెన్సులో అడ్రసు మార్పు కోసం మార్చి 3న దరఖాస్తు చేశాను. అప్లికేషన్ నంబరు ఇది. ఫీజు అదే రోజు కట్టాను, రసీదు జతపరిచాను. 9 నుంచి స్క్రూటినీ దశలోనే ఉంది. 17న ఆఫీసుకి వెళితే సర్వర్ సమస్య అన్నారు. ఏ పత్రం వల్ల ఆగిందో తెలియజేసి, పని పూర్తిచేయవలసిందిగా కోరుతున్నాను." ఆరు వాక్యాలు. నింద లేదు, తేదీలున్నాయి. దీన్ని మూసేయాలంటే ఎవరో ఒకరు జవాబు రాయాలి.

ఎక్కడ ఇవ్వాలి? ముందు ఆ శాఖ సైటులోనే. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. కేంద్ర శాఖలకి సీపీగ్రామ్స్ ఉంది. అక్కడా కదలకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో ఒకే ప్రశ్న వేయండి: నా దరఖాస్తు ఏ తేదీన ఎవరి దగ్గరికి వెళ్లింది, ఎవరి దగ్గర ఎన్ని రోజులుంది? జవాబుకి 30 రోజుల గడువుంది. ఆ ప్రశ్న ఆఫీసుకి చేరాక ఫైలు దానంతటదే కదలడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను.

9. 'సంతృప్తిగా ఉన్నారా? ఒకటి నొక్కండి'

మధ్యాహ్నం నిద్రపట్టే వేళకి ఫోన్ మోగుతుంది. రికార్డు గొంతు. ప్రభుత్వ సేవల మీద మీ అభిప్రాయం, సంతృప్తిగా ఉంటే ఒకటి, లేకపోతే రెండు. మనం ఏం చేస్తాం? కట్ చేస్తాం. ఆంధ్రలో ప్రభుత్వం ఐవీఆర్‌ఎస్ కాల్స్‌తో ఇలా జనం నాడి చూస్తోంది. మీరు కట్ చేస్తే మీ నెలరోజుల తిరుగుడు ఏ లెక్కలోకీ రాదు. కౌంటర్లో "సార్, ఫైవ్ స్టార్ కొట్టేస్తున్నానండీ" అని ఆపరేటరే మీ తరఫున నొక్కేస్తుంటే నవ్వి ఊరుకుంటాం. ఊరుకోకండి. "ఉండమ్మా, నేను నొక్కుతాను" అని ఫోన్ అందుకోండి. బాగా చేస్తే ఐదు ఇవ్వండి, పాపం ఆ అమ్మాయికి అదే కావాలి. చేయకపోతే రెండే ఇవ్వండి. లైసెన్సు చేతికొచ్చాక కోపం చల్లారిపోయి అందరికీ ఐదిచ్చేస్తాం మనం. అర్జీ పెట్టిన రోజున మీకెలా ఉందో ఒక చీటీ మీద రాసుకుంటే ఈ ఉదారత కొంచెం తగ్గుతుంది.

10. కార్డు వచ్చాక

కవరు చింపి, మురిసిపోయి, పర్సులో పెట్టేయకండి. పేరు, పుట్టినతేదీ, ఏ బండికో, ఎప్పటిదాకానో నాలుగూ చదవండి. తప్పుంటే ఆ వారమే చెబితే తేలిక. డిజీలాకర్‌లోకీ ఎంపరివాహన్‌లోకీ ఎక్కించుకోండి. తెలంగాణవాళ్లకి 2016 నుంచి ఆర్టీఏ ఎం-వాలెట్ ఉండనే ఉంది. ఫోన్‌లో గడువు తేదీకి రెండు నెలల ముందు ఒక రిమైండర్ పెట్టండి.

తర్వాత ఇంట్లో మిగతావాళ్ల కార్డులు అడగండి. మొన్న నేను మా నాన్నగారిని అడిగాను. "నాదేముందిరా, ఎప్పుడో తీసుకున్నా" అంటూ చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశారు. వెంకటేశ్వరస్వామి ఫోటో, గ్యాస్ బుక్ చేసిన చీటీ, వాటి వెనక లైసెన్సు. డెబ్బై ఒకటో ఏట కూడా రోజూ పాల ప్యాకెట్‌కి స్కూటర్ మీదే వెళతారు. కార్డు వెలుగులోకి పట్టుకుని తేదీ చూశాను. గడువు తీరి పదకొండు నెలలు. టెస్టు లేకుండా అయ్యే గడువులో ఇంకా ఇరవై ఆరు రోజులున్నాయి.

"ఏంట్రా?" అన్నారు.

"ఏం లేదు నాన్నా. రేపటి నుంచి పాలకి నేను వెళ్తా. మీరు పదింటికి డాక్టరు దగ్గరికి రండి, ఫారం 1ఏ మీద సంతకం పెట్టించాలి."